పాత జీపు హెడ్‌లైట్లు: బల్బు కొనే ముందు తీగను అడగండి

ఒడిశాలోని సెమిలిగూడలో అల్లం బస్తాలు ఎత్తించుకుని రాత్రికి సాలూరు దిగడం మాకు ఏళ్ల తరబడి అలవాటు. ఒక డిసెంబరు రాత్రి పొట్టంగి దాటి సుంకి ఘాట్ రోడ్డులో పడ్డాక, మా పాత మహీంద్రా ఎంఎం 540 జీపు లైట్లు రోడ్డు మీద పసుపు నీళ్లు చల్లినట్టుగా ఉన్నాయి. మలుపులో చెడిపోయి ఆగిన లారీని, దాని వెనక చక్రానికి అడ్డం పెట్టిన బండరాయి కనిపించేదాకా గుర్తుపట్టలేదు. పక్కన కూర్చున్న మామయ్య కేకలు వేయలేదు. "అల్లుడూ, లాంతరు ఉంటే ఇలా ఇవ్వు, నేను ముందు నడుస్తాను, నువ్వు వెనకే రా" అన్నాడు.

మర్నాడే వెళ్లి 100/90 వాట్ల (దూరం చూపే బ్రైట్‌కు 100, దగ్గర చూపే డిప్‌కు 90) బల్బులు కొన్నాను. మూడు వారాలు వెలిగాయి. నాలుగో వారంలో హోల్డరు కరిగి బల్బు కాళ్లకు అంటుకుపోయింది, కాలిన ప్లాస్టిక్ కంపు బండిలో నెల రోజులు పోలేదు. అప్పుడు సాలూరులో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూసి, "బల్బు తప్పేమీ లేదు బాబూ, దానికి తిండి అందడం లేదు" అన్నాడు. మా జీపుకు కావలసింది పెద్ద బల్బు కాదు. కొన్ని మీటర్ల మంచి తీగ, రెండు రిలేలు (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), రెండు ఫ్యూజులు. ఆదివారం పొద్దున మొదలుపెడితే చీకటి పడేసరికి పూర్తయ్యే పని ఇది. స్పానర్ పట్టడం, తీగ చెక్కడం వచ్చిన ఎవరైనా చేసుకోవచ్చు.

నేను చెప్పేది 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు, 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పాత జీపుల గురించి. సైన్యం వేలంలో కొన్న బండి అయితే ముందు బ్యాటరీలు లెక్కపెట్టండి. రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటే అది 24 వోల్టుల బండి. బల్బులు, రిలేలు అన్నీ 24 వోల్టులవే కొనాలి.

ముందు కొలవండి

పాత జీపులో హెడ్‌లైటు కరెంటు ఎంత చుట్టు తిరిగి వస్తుందో చూస్తే జాలేస్తుంది. బ్యాటరీ దగ్గర బయలుదేరి, డ్యాష్‌బోర్డులోని మీటరు దాటి, లైటు స్విచ్ గుండా వెళ్లి, డిప్, బ్రైట్ మార్చే డిప్పర్ స్విచ్ చేరి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు వచ్చి బల్బు చేరుతుంది. కొన్ని జీపులలో డిప్పర్ కాలితో తొక్కేది. పొలం బురద, వానాకాలం నీళ్లు, చెప్పుల మట్టి అన్నీ దాని మీదే. ముప్పై ఏళ్ల తీగ లోపల నల్లబడి ఉంటుంది. ప్రతి అతుకు దగ్గర కొంచెం కొంచెంగా వోల్టులు వేడిగా మారి పోతాయి.

ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలిగించి, మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఎంత ఉందో రాసుకోండి. ఇంజను కొంచెం వేగంగా తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. అంతకంటే బాగా తక్కువైతే ముందు ఆల్టర్నేటర్, బెల్టు చూపించుకోండి. అది బాగుపడనిదే మిగతా పని దండగ. తర్వాత హెడ్‌లైటు హోల్డరు వెనక నుంచి, బల్బు వెలుగుతుండగానే, దాని కాళ్ల దగ్గర కొలవండి.

మా బండిలో ఆ రోజు బ్యాటరీ దగ్గర 13.6, బల్బు దగ్గర 11.4. రెండు వోల్టులే కదా అనుకోకండి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టులతో సమంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టులు 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. మా లెక్క ప్రకారం సగానికి కాస్త పైన మాత్రమే మిగిలింది. వెలుగు తగ్గడంతో పాటు ఎర్రబడుతుంది కూడా. అందుకే పసుపు నీళ్లు.

ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి ఇంకో కొలత. మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొనను బల్బు ప్లస్ కాలి మీద పెట్టండి. లైటు వెలుగుతూనే ఉండాలి. మీటరు చూపేది దారిలో పోయిన వోల్టులు. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్త్ కాలికి (కరెంటు తిరిగి వెళ్లే కాలు) కొలవండి. ఏ వైపైనా అర వోల్టు దాటితే ఆ వైపు జబ్బు ఉన్నట్టే. మాకు ఎర్త్ వైపే ఒక వోల్టు పోతోంది. ఫెండర్‌కు బిగించిన ఎర్త్ స్క్రూ కింద పెయింటు, దాని కింద తుప్పు. దాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది తిరిగి బిగించగానే, పైసా ఖర్చు లేకుండా, గుర్తుపట్టగలిగినంత వెలుగు పెరిగింది. మీరు ఇక్కడితో ఆగిపోయినా సగం లాభం వచ్చినట్టే.

ఏం కొనాలి

ముందు లైటు లోపలి అద్దం చూడండి. బల్బు తీసి పగటి వెలుగులో లోపలికి తొంగిచూస్తే, వెండిపూత మెరవాలి. పొగబారినట్టు, పొరలు లేచినట్టు ఉంటే ఏ బల్బు పెట్టినా వృథా, ఆ యూనిట్ మార్చాల్సిందే. హెచ్4 బల్బు (డిప్, బ్రైట్ రెండు ఫిలమెంట్లూ ఒకే బల్బులో ఉండేది) పట్టే గాజు ముఖం ఉన్న యూనిట్ తీసుకోండి. పాత బండ్లలో కొన్నిటికి అంతకు ముందు తరం బల్బు ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రేకు చక్రం కొలత వేరు, హెచ్4 అందులో కూర్చోదు. కాబట్టి దుకాణానికి వెళ్లేటప్పుడు పాత బల్బు జేబులో వేసుకుని వెళ్లండి.

యూనిట్ కొనేటప్పుడు గాజు మీది గుర్తులు చదవండి. మన దేశంలో ఎడమ వైపు నడుపుతాం. డిప్ వెలుగు ఎడమ అంచు వైపు కొంచెం పైకి లేచి, కుడి వైపు ఎదురు వచ్చేవారి కళ్ల కింద ఆగాలి. కుడి వైపు నడిపే దేశాల కోసం చేసిన లైటు ఇక్కడ పెడితే సరిగ్గా తిరగబడుతుంది, ఎదురు లారీ డ్రైవరు కంట్లో పొడుస్తుంది. ఐరోపా ఆమోదం ఉన్న లైట్ల మీద వలయంలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం, పక్కన అంకె ఉంటాయి. ఎడమ వైపు నడిపే దేశాలకే చేసినదైతే, లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే కుడి వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. చవక లైట్లలో ఇవేవీ ఉండవు.

బల్బు మామూలు 60/55 వాట్లదే చాలు. 100/90 జోలికి పోవద్దని నా హోల్డరు ఇప్పటికే చెప్పింది. అంత వేడికి వెండిపూత కూడా మాడిపోతుంది.

మిగతా సరుకు: నాలుగు లేదా ఐదు కాళ్ల 12 వోల్టుల, 30 ఆంపియర్ల రిలేలు రెండు, మూత ఉన్న ఫ్యూజు హోల్డర్లు రెండు, 15 ఆంపియర్ల ఫ్యూజులు నాలుగైదు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రంగులు వేర్వేరుగా. పింగాణీ హెచ్4 హోల్డర్లు రెండు. తీగ కొనకు నొక్కే లగ్గులు, అతుకు మీద తొడిగే స్లీవు, తీగల మీద తొడిగే ముడతల గొట్టం. లెక్క సులువు. రెండు 60 వాట్ల బల్బులు అంటే 120 వాట్లు, 12తో భాగిస్తే 10 ఆంపియర్లు. ఇంజను నడిచేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ. 15 ఫ్యూజు అందుకే. తీగ సన్నదైతే మళ్లీ మొదటి జబ్బే.

విప్పడం

ముందు రోజు రాత్రే హెడ్‌లైటు రింగు స్క్రూలకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఆత్రంగా తిప్పితే తల ఊడుతుంది, తర్వాత డ్రిల్లింగ్ మిషన్ వెతుక్కోవాలి.

పొద్దున మొదటగా బ్యాటరీ మైనస్ విప్పండి. మైనస్ ముందు విప్పి చివర్న బిగించాలి. స్పానర్ జారి బాడీకి తగిలినా అప్పుడు నిప్పు రాదు.

బయటి రింగు తీశాక లైటు చుట్టూ రెండు రకాల స్క్రూలు కనిపిస్తాయి. లోపలి పట్టీని పట్టుకున్న చిన్న స్క్రూలు మాత్రమే విప్పండి. పైన ఒకటి, పక్కన ఒకటి ఉండే పొడుగు స్క్రూలు లైటు గురి తిప్పేవి. వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు. నేను మొదటిసారి వాటినే విప్పి, స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో అరగంట వెతికాను.

కొత్త బల్బు గాజును వేళ్లతో తాకవద్దు. చెమట జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. తాకితే స్పిరిట్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. వెనక రబ్బరు టోపీ బిగుతుగా కూర్చోవాలి. చిరిగితే కొత్తది వేయండి, ఆగస్టు వానల్లో నీళ్లు దూరేది అక్కడే.

తీగల సంగతి

ఇక అసలు పని. ఆలోచన ఒక్కటే: బల్బుకు కావలసిన పది ఆంపియర్లు బ్యాటరీ నుంచి నేరుగా రావాలి, పాత స్విచ్ మాత్రం "వెలుగు" అని ఆజ్ఞ ఇస్తే చాలు. రిలే చేసేది అదే. దాని లోపలి తీగచుట్టకు ఆంపియరులో ఐదో వంతు కూడా అక్కర్లేదు, కాబట్టి పాత స్విచ్ కూడా ఇక చల్లగా బతుకుతుంది.

రిలే అడుగున అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా తీగ. 87 నుంచి బల్బులకు. 86కు స్విచ్ నుంచి వచ్చే ఆజ్ఞ. 85 ఎర్త్‌కు. ఐదో కాలు 87ఎ అయితే దాన్ని వదిలేయండి. ఒక రిలే డిప్‌కు, ఇంకొకటి బ్రైట్‌కు.

పాత తీగలు కోయకండి. ఒక వైపు హెడ్‌లైటుకు వచ్చే పాత మూడు కాళ్ల హోల్డరునే ఆజ్ఞ కోసం వాడుకోండి. ఏ కాలు ఏదో టెస్ట్ ల్యాంపుతో తేల్చుకోండి, రంగును నమ్మవద్దు, పాత జీపు తీగల రంగు వేసిన కంపెనీది కాదు, బాగుచేసిన ప్రతి మెకానిక్కుది. ఇందుకోసం బ్యాటరీ మైనస్ ఒక నిమిషం బిగించి, టెస్ట్ ల్యాంపు ఒక కొన బాడీకి కలిపి, డిప్ వేయండి. వెలిగిన కాలు మొదటి రిలే 86కు. బ్రైట్ వేయండి, ఇప్పుడు వెలిగిన కాలు రెండో రిలే 86కు. మూడో కాలు ఎర్త్, దాన్ని రెండు రిలేల 85కు కలపండి. మైనస్ మళ్లీ విప్పండి. రెండో వైపు పాత హోల్డరుకు టేపు చుట్టి మూల కట్టేయండి. రేపు దారిలో రిలే పోయినా, పాత హోల్డరు తిరిగి బల్బుకు తగిలించి ఇల్లు చేరవచ్చు.

టెస్ట్ ల్యాంపు డిప్ వేసినా, బ్రైట్ వేసినా ఒకే కాలి దగ్గర వెలుగుతుంటే, మీ బండిలో స్విచ్ ఉన్నది ఎర్త్ వైపు అన్నమాట. అప్పుడు పై లెక్క కుదరదు. రిలే చుట్టలను ఆ కాలికీ, డిప్, బ్రైట్ కాళ్లకూ మధ్య కలపాలి. ఇక్కడ తడబాటు అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడంలో సిగ్గేమీ లేదు.

ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న తీగ ఒరిసి బాడీకి తగిలితే దాన్ని ఆపేవారు లేరు. డిప్‌కు ఒక ఫ్యూజు, బ్రైట్‌కు వేరే ఫ్యూజు పెట్టండి. ఒకే ఫ్యూజుతో సరిపెట్టేవారు ఉన్నారు. అది సుంకి మలుపుల్లో ఎగిరిపోతే రెండు లైట్లూ ఒక్కసారి ఆరిపోతాయి. వేరుగా ఉంటే డిప్ పోయినా బ్రైట్ ఉంటుంది.

ఎర్త్ కూడా కొత్తదే వేయండి. రెండు బల్బుల ఎర్త్ కాళ్ల నుంచి ప్లస్ తీగ ఎంత లావో అంత లావు తీగ, నేరుగా బ్యాటరీ మైనస్ దాకా. ఫెండర్ స్క్రూను మళ్లీ నమ్మవద్దు.

రిలేలను కాళ్లు కిందికి ఉండేలా, రేడియేటర్ చిమ్మే నీళ్లకు దూరంగా బిగించండి. కాళ్లు పైకి ఉంటే రిలే నీళ్ల గిన్నె అవుతుంది. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర అందరి అలవాటు. ఆ పద్ధతి ఇంట్లో ఒక ఏడాది ఆగుతుంది, జీపులో ఒక వానాకాలం కూడా ఆగదు. లగ్గును నొక్కి, సోల్డర్ చేసి, స్లీవు తొడగండి. తీగ రేకులోంచి దాటే ప్రతి రంధ్రానికి రబ్బరు వలయం పెట్టండి. బిగించాక కాళ్లకు కాస్త వాసెలిన్ పూయండి.

బ్యాటరీ బిగించి మళ్లీ కొలవండి. మాకు బల్బు దగ్గర 13.2 వచ్చింది. బల్బులు మామూలు వాట్లవే, వెలుగు మాత్రం పాలలా తెల్లబడింది. మామయ్య లైటు ముందు నిలబడి కళ్లు చికిలించి, "ఇన్నాళ్లూ దీన్ని పస్తులు పెట్టావన్నమాట" అన్నాడు.

గురి

వెలుగు పెరిగాక గురి సరిచేయకపోతే మీరు ఊరికి చేసిన మేలేమీ ఉండదు. కోరాపుట్ జిల్లాలో చదునైన నేల, ఎదురుగా గోడ, రెండూ ఒకేచోట దొరకడం కష్టమే. మేం బడి ఆవరణ వాడుకున్నాం. నేల చదునా కాదా అన్నది తాపీ మేస్త్రి నీళ్ల గొట్టంతో చూసుకోవచ్చు.

టైర్లలో గాలి సరిచేయండి. బండిలో మీరు మామూలుగా మోసే బరువు వేయండి. ఇది ముఖ్యం. వెనక ఆరు బస్తాలు పడితే కమాను పట్టాలు కుంగి ముక్కు పైకి లేస్తుంది, ఖాళీ బండికి చేసిన గురి ఆకాశానికి పోతుంది. జీపును గోడకు నిటారుగా, లైట్ల నుంచి గోడకు సరిగ్గా 10 మీటర్లు ఉండేలా నిలపండి. నేల నుంచి లైటు మధ్యకు ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో అడ్డగీత. దాని కింద 10 సెంటీమీటర్లకు రెండో గీత. రెండు లైట్ల మధ్యలకు ఎదురుగా నిలువు గీతలు.

సాయంత్రం వెలుగు తగ్గాక డిప్ వేసి, ఒక లైటుకు గుడ్డ కప్పండి. పై స్క్రూ తిప్పి, వెలుగు పై అంచు కుడి భాగం కింది గీత మీద కూర్చునేలా చేయండి. పక్క స్క్రూ తిప్పి, అంచు ఎడమకు పైకి వంగే మలుపు నిలువు గీత దగ్గర ఉండేలా చేయండి. రెండో లైటుకూ అంతే. బ్రైట్‌కు వేరే గురి ఉండదు, డిప్ కుదిరితే అదీ కుదురుతుంది.

మన నిబంధనల్లో కూడా ఇది ఉంది. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989 ప్రకారం, 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరని విధంగా వెలుగు కిందికి వంగి ఉండాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఆపైన ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి కాబట్టి, పాత జీపువాళ్లకు ఈ గోడ గీతలు ఎలాగూ తప్పవు.

ఎల్ఈడీ, పొగమంచు

"ఇంత శ్రమ ఎందుకు, ఎల్ఈడీ బల్బు తగిలిస్తే పోదా" అని దుకాణంలో అడుగుతారు. హెచ్4 అద్దం లోపలి వంపు, ఫిలమెంటు ఉండే చోటును బట్టి గీసినది. అక్కడ వేరే ఆకారంలో వెలుగు పుడితే అంచు చెదిరి, కాంతి దిక్కులేకుండా చిమ్ముతుంది. డ్రైవరుకు బండి ముందు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి బాగుందనుకుంటాడు. దూరం మాత్రం కనపడదు. ఎదురు వచ్చేవాడి శాపనార్థాలు అదనం. ఎల్ఈడీయే కావాలంటే, బల్బు కాకుండా పూర్తి 7 అంగుళాల ఎల్ఈడీ యూనిట్ కొనండి. దుకాణంలోనే గోడకు చూపి, డిప్‌లో కత్తిరించినట్టు అంచు, ఎడమకు ఎత్తు ఉంటేనే డబ్బు ఇవ్వండి. వెనక లోతు మీ డూమ్‌లో (లైటు కూర్చునే గిన్నెలో) పడుతుందో లేదో కొలుచుకోండి.

పైకప్పు మీద వరుస లైట్ల పట్టీ మాత్రం వద్దు. ముందు వైపు సర్చ్ లైట్లు పెట్టడాన్ని అదే నియమాలు అనుమతి లేకుండా ఒప్పుకోవు. అది పక్కన పెట్టినా, బానెట్ మీద పడి తిరిగి కంట్లో కొడుతుంది.

జనవరిలో పొట్టంగి దగ్గర మంచు దిగితే ఎంత మంచి బ్రైట్ అయినా పనికిరాదు. నీటి బిందువులు వెలుగును మీ కళ్లకే తిప్పికొడతాయి, ముందు తెల్లగోడ నిలబడుతుంది. డిప్‌లోనే నడపండి. ఫాగ్ ల్యాంపులు కావాలంటే బంపరు కింద, వీలైనంత దిగువగా, వెడల్పుగా పరిచేవి బిగించండి. వాటికి కూడా వేరే రిలే, వేరే ఫ్యూజు. పసుపు గాజు కంటికి కొంచెం హాయిగా ఉంటుందని డ్రైవర్లు అంటారు, కానీ మంచులో పనిచేసేది రంగు కంటే ఎత్తు. లైట్ల మీద ఇంత ఖర్చు పెట్టి, గీతలు పడిన విండ్‌షీల్డు, ఎండిపోయిన వైపరు రబ్బరు అలాగే ఉంచేవారిని కూడా చూశాను. రబ్బరు ముందు మార్చండి.

మొదటి ఘాట్ ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక రింగు స్క్రూలు మరోసారి బిగించండి. లైట్లు అరగంట వెలిగాక హోల్డరునూ, ఫ్యూజునూ, రిలే కాళ్లనూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆ లగ్గు సరిగా నొక్కలేదు. విప్పి మళ్లీ చేయండి. ఒక బల్బు, రెండు ఫ్యూజులు, ఒక రిలే మా జీపు డ్యాష్‌బోర్డు అరలో పాత సాక్సులో చుట్టి ఉంటాయి. పక్కనే మామయ్య పెట్టిన లాంతరు కూడా ఉంది. తీయమంటే తీయనివ్వడు.